కటింగ్ కుర్చీలో పిల్లలు ఎందుకు ఏడుస్తారు?

ఆదివారం పొద్దున్న ఏ ఊళ్లోనైనా కటింగ్ షాపులో ఓ అరగంట కూర్చోండి. రెండేళ్ల పిల్లాడు వాళ్ల నాన్న చంకలో నవ్వుతూనే వస్తాడు. మెడకు గుడ్డ చుట్టగానే మొదలవుతుంది. నాన్న చేతులు పట్టుకుంటాడు, పక్కనున్నాయన తల పట్టుకుంటాడు. వరసలో కూర్చున్నవాళ్లలో ఒకరు ఫోన్‌లో పాట పెడతారు, ఇంకొకరు "అదిగో కాకి, ఇదిగో పిల్లి" అంటారు. పిల్లాడి ముఖం ఎర్రబడి, చీమిడి కారి, దాని మీద వెంట్రుకలు అంటుకుని, మొత్తానికి పని అయిందనిపిస్తారు. "ఒకటి రెండుసార్లు ఇలాగే ఉంటుంది, తర్వాత అదే అలవాటవుతుంది" అని అందరూ ధైర్యం చెబుతారు.

కొందరికి నిజంగానే అలవాటవుతుంది. ఇంకొందరికి మాత్రం ప్రతిసారీ ముదురుతుంది. షాపున్న వీధి మలుపు తిరగ్గానే ఏడుపు అందుకునేవాళ్లను చూశాను. ఎందుకీ తేడా అంటే, కటింగ్ భయం అని మనం ఒకే మూట కట్టేసిన దాంట్లో రకరకాల భయాలున్నాయి. కొత్త మనిషంటే భయం, చెవి పక్కన మోత, కదలకుండా అదిమి పట్టడం, ఒంట్లోంచి ఏదో తెగిపోతోందన్న అనుమానం, ఇవి కాక అసలైన నొప్పి. మీ పిల్లాడిది ఏదో తెలియకుండా చేసే ఉపాయాలన్నీ గాల్లో దీపాలే. మోతకు భయపడే పిల్లకు లాలీపాప్ ఇస్తే అది నోట్లో పెట్టుకునే ఏడుస్తుంది. ఆ లాలీపాప్ నిండా వెంట్రుకలు, దానికి ఇంకో గొడవ.

పుట్టువెంట్రుకల వయసు

ఏడెనిమిది నెలలు వచ్చేసరికి పిల్లలకు తెలిసిన ముఖమేదో, తెలియని ముఖమేదో గట్టిగా పట్టుబడుతుంది. అమ్మ కాసేపు కనబడకపోతే ఇల్లు ఎగరగొట్టే వయసది. దాదాపు ఏడాదిన్నర దాకా ఇది బాగా ఎక్కువగా ఉంటుంది. మన ఇళ్లలో పుట్టువెంట్రుకలు తీయించడానికి చూసే తొమ్మిదో నెల, పదకొండో నెల సరిగ్గా ఇందులోనే పడతాయి. మూడో ఏడు దాకా ఆగేవాళ్లూ ఉన్నారు. అప్పటికి కొత్తవాళ్ల భయం కొంత తగ్గుతుంది కానీ, "నా జుట్టు, నేనివ్వను" అనే నోరు వచ్చేస్తుంది.

తిరుమల అయినా, యాదగిరిగుట్ట అయినా, వేములవాడ అయినా జరిగేది దాదాపు ఒకటే. తెల్లవారకుండానే లేపి, నిద్ర చాలక, పాలు సరిగ్గా తాగక చిరాగ్గా ఉన్న బిడ్డను తీసుకెళ్లి హాల్లో కూర్చుంటాం. అప్పటికే అక్కడ నలుగురు పిల్లలు గుక్కపట్టి ఏడుస్తుంటారు. ఒక పసిబిడ్డ ఏడుపు వింటే ఇంకో పసిబిడ్డకు ఏడుపు రావడం సహజం. ఆపైన తలమీద చల్లటి నీళ్లు, ఎప్పుడూ చూడని మనిషి చేతిలో కత్తి. ఇన్ని ఒకేసారి మీద పడితే పెద్దవాళ్లకైనా టెన్షనే.

మేనమామ మొదటి కత్తెరలు వేయడం, ఆయన ఒళ్లో బిడ్డను కూర్చోబెట్టడం అనే ఆచారం చాలా ఇళ్లలో ఉంది. బిడ్డ వైపు నుంచి చూస్తే ఇది మంచి ఏర్పాటు. తలమీద పడే మొదటి చెయ్యి ఎరిగిన చెయ్యి, కూర్చునే ఒడి ఎరిగిన ఒడి. కాకపోతే ఆ మేనమామ బెంగళూరు నుంచో డాలస్ నుంచో ముందు రోజు రాత్రే దిగితే, బిడ్డ లెక్కలో ఆయనా కొత్తవాడే. వీడియో కాల్‌లో చూసిన ముఖానికీ ఒడికీ సంబంధం తెలిసే వయసు కాదది. అలాంటప్పుడు కత్తెర మామ చేత వేయించి, ఒడి మాత్రం అమ్మదో అమ్మమ్మదో ఇస్తే ఆచారానికి వచ్చే లోటేమీ లేదు. ముహూర్తం అడిగేటప్పుడు బిడ్డ నిద్రపోయే టైమ్ ఏదో పంతులుగారికి చెప్పినా తప్పులేదు. తిరుమలలో ప్రధాన కల్యాణకట్ట ఒక్కటే కాదు, వసతి గృహాల దగ్గర చిన్న కల్యాణకట్టలు కూడా ఉన్నాయి. పసిబిడ్డ ఉంటే ఎక్కడ జనం తక్కువున్నారో కనుక్కుని వెళ్లడం మంచిది.

నడినెత్తి మీద మెత్తగా ఉండే మాడు గురించి పెద్దవాళ్లు భయపడతారు. సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర మధ్య అది మూసుకుంటుంది. అప్పటిదాకా కూడా దానిమీద గట్టి పొర ఉంటుంది కాబట్టి తేలిగ్గా ఆడించే కత్తితో ప్రమాదం లేదు. నొక్కవద్దని ఒక మాట గుర్తు చేస్తే చాలు. అంతకన్నా పట్టుబట్టాల్సింది బ్లేడు గురించి. కళ్లముందే కొత్తది వేయించాలి. హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ లాంటివి రక్తం ద్వారా పాకుతాయి, వాడిన బ్లేడు చిన్న గాటు పెట్టినా చాలు. మొహమాటపడే విషయం కాదిది.

మొక్కు తీరాక కూడా ఏటా ఎండాకాలం గుండు చేయించే ఇళ్లున్నాయి, "మళ్లీ వచ్చే జుట్టు ఒత్తుగా వస్తుంది" అని. రాదు. గీకితే వెంట్రుకలు మందంగా, వేగంగా పెరుగుతాయా అని 1928లోనే అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త మిల్‌డ్రెడ్ ట్రాటర్ కొలిచి చూశారు, అలాంటిదేమీ లేదని తేల్చారు. వెంట్రుక కుదుళ్లన్నీ బిడ్డ కడుపులో ఉండగానే ఏర్పడతాయి, కత్తి వాటిదాకా వెళ్లదు. కొత్తగా మొలిచే వెంట్రుకకు సన్నటి కొస ఉండదు, మొండిగా ఉంటుంది. అందుకని చేతికి గరుగ్గా తగిలి ఒత్తుగా వచ్చినట్టనిపిస్తుంది. దానికితోడు పసితనపు మెత్తటి జుట్టు వయసుతోపాటే ముదురుతుంది, పేరు మాత్రం గుండుకు వస్తుంది. మొక్కు కోసమో, ఉక్క కోసమో చేయిస్తే అది మీ ఇష్టం. ఒత్తు కోసమైతే మాత్రం బిడ్డను ఏడిపించక్కర్లేదు. ఏడెనిమిదేళ్ల ఆడపిల్లకు పేలు పడ్డాయని అడక్కుండా గుండు కొట్టించడం నాకు అసలు నచ్చదు. తడి జుట్టుకు కండిషనర్ రాసి, పేల దువ్వెనతో రెండు వారాలపాటు మూడు నాలుగు రోజులకోసారి ఓపిగ్గా దువ్వితే పేలు పోతాయి. స్కూల్లో ఆ పిల్ల పడే సిగ్గు అంత తొందరగా పోదు.

చెవి వెనక మోత

ముందు జుట్టు కత్తిరించినంతసేపూ బుద్ధిగా కూర్చున్న పిల్లాడు, మిషన్ చెవి వెనక్కి రాగానే ఎగిరిపడతాడు. "ఇప్పటిదాకా బాగానే ఉన్నాడు కదా, ఇదంతా నాటకం" అనిపిస్తుంది. నాటకం కాదు. చెవి వెనక తడిమితే గట్టిగా ఒక ఎముక తగులుతుంది. మిషన్ అక్కడ ఆనితే దాని అదురు గాల్లోంచి కాక ఎముకలోంచి నేరుగా లోచెవికి చేరుతుంది. ఈఎన్‌టీ డాక్టర్లు ట్యూనింగ్ ఫోర్క్ మోగించి ఆనించేది ఈ ఎముకకే.

ఇది మీరే చూడొచ్చు. ఇంట్లో ట్రిమ్మర్ ఆన్ చేసి, పళ్ల వైపు కాకుండా పట్టుకునే వైపు చెవి వెనక ఎముకకు ఆనించండి. తర్వాత అదే చెవిని వేలితో మూయండి. మోత తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. చెవి మూస్తే ఎముక ద్వారా వచ్చిన శబ్దం బయటికి పోలేక లోపలే ఉండిపోతుంది. "చెవులు మూసుకో నాన్నా, వినబడదు" అని మనం ప్రేమగా ఇచ్చే సలహా బిడ్డకు రివర్స్‌లో పనిచేస్తోందన్నమాట. హెడ్‌ఫోన్స్ పెట్టినా అంతే. దూరపు మోతకు అవి పనికొస్తాయి, తలకు ఆనిన మిషన్‌కు పనికిరావు.

దీనికి మందు కత్తెర. చెవుల చుట్టూ, మెడ వెనక కత్తెర, దువ్వెనతోనే చేయమని కూర్చోకముందే చెప్పాలి. చేతి నైపుణ్యం ఉన్న ఎవరికైనా అది పెద్ద పని కాదు, టైమ్ మాత్రం ఎక్కువ పడుతుంది. అందుకే ఆదివారం కుదరదు. మంగళవారం క్షవరం చేయించుకోకూడదన్న పట్టింపు వల్ల చాలా ఊళ్లలో ఆ రోజు షాపులకు సెలవు. శుక్రవారం, శనివారం వద్దనే ఇళ్లూ ఉన్నాయి. అవన్నీ తీసేస్తే జనమంతా ఆదివారం మీద పడతారు. బయట పదిమంది వరసలో ఉంటే కటింగ్ చేసే ఆయన ఒక్క పిల్లాడి దగ్గర ముప్పావు గంట ఎలా కూర్చోగలడు? బుధవారమో గురువారమో మధ్యాహ్నం వెళ్లండి, బిడ్డ నిద్రలేచి ఏదైనా తిన్నాక. "అన్నా, టైమ్ తీసుకో, రెండు కటింగ్‌ల డబ్బులిస్తాను" అని ముందే చెప్పేయండి. తలకింత అని సంపాదించుకునే మనిషిని ఊరికే ఓపిక పట్టమనడం న్యాయం కాదు కదా.

భయం ఎలా అంటుకుంటుంది, ఎలా వదులుతుంది

1920లో అమెరికాలో జాన్ వాట్సన్, రోసలీ రేనర్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఈ రోజుల్లో అయితే దాన్ని ఎవరూ చేయనివ్వరు. ఆల్బర్ట్ అని వాళ్లు పేరు పెట్టిన పసివాడికి తెల్ల ఎలుక అంటే మొదట ఏ భయమూ లేదు. వాడు ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వెనక నుంచి ఇనుప కడ్డీని సుత్తితో ఠంగుమని కొట్టారు. కొన్నిసార్లు అలా చేశాక మోత లేకపోయినా ఎలుక కనబడితే చాలు, వాడు ఏడ్చేవాడు. అక్కడితో ఆగలేదు. కుందేలును చూసినా, కుక్కను చూసినా, చివరికి బొచ్చు కోటు చూసినా అదే ఏడుపు.

కటింగ్ షాపులో జరిగేది కూడా ఇంచుమించు ఇదే. బిడ్డ అసలు భయపడింది మోతకో, నలుగురు అదిమి పట్టడానికో అయ్యుండొచ్చు. కానీ ఆ క్షణంలో చుట్టూ ఉన్నవన్నీ దానికి అతుక్కుంటాయి. మెడకు చుట్టిన గుడ్డ, పెద్ద అద్దం, తిరిగే కుర్చీ, పౌడర్ వాసన, నీళ్లు కొట్టే సీసా. కొందరు పిల్లలు ఆ తర్వాత పళ్ల డాక్టర్ కుర్చీ చూసి ఏడవడం వెనక ఇది ఉండొచ్చు.

షాపుకు వెళ్లకముందే ఇంట్లో మనం వేసే పునాది ఇంకొకటి ఉంది. "అల్లరి చేశావంటే గుండు గీయిస్తా." "కదిలితే చెవి తెగుతుంది చూసుకో." అన్నం తినిపించడానికి బూచివాణ్ని పిలిచినట్టు కటింగ్ చేసే మనిషిని కూడా పిలుస్తాం. ఆ తర్వాత ఆయన చేతిలో కత్తెర చూసి బిడ్డ వణికితే ఆశ్చర్యమెందుకు? వాడు మన మాట నమ్మాడు, అంతే. ఐస్‌క్రీమ్ కొనిస్తానని బయల్దేరదీసి షాపులో కూర్చోబెట్టడం కూడా ఈ కోవలోదే. ఈసారికి పని జరుగుతుంది. వచ్చేసారి నిజంగా ఐస్‌క్రీమ్‌కే తీసుకెళ్తున్నా బండి ఎక్కడు.

ఆల్బర్ట్ కథ తర్వాత నాలుగేళ్లకు, 1924లో, మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ దీనికి రెండో సగం రాశారు. ఆమె దగ్గరికి వచ్చిన పీటర్‌కు ఇంకా మూడేళ్లు నిండలేదు, కుందేలంటే హడల్. ఆమె ఏం చేశారంటే, వాడికి ఇష్టమైనవి తినడానికి పెట్టి, బోనులో ఉన్న కుందేలును దూరంగా ఉంచారు. వాడు తినడం ఆపకుండా ఉన్నంత మేరకే దాన్ని కొద్దికొద్దిగా దగ్గరికి జరుపుతూ వచ్చారు. కుందేలంటే భయం లేని పిల్లలు దానితో ఆడుతుంటే వాణ్ని చూడనిచ్చారు. కొన్నాళ్లకు పీటర్ ఆ కుందేలును తనే నిమిరాడు. భయాలకు ఈ రోజు థెరపిస్టులు చేసే వైద్యంలో చాలా భాగం ఈ దారిలోనిదే.

కుందేలు స్థానంలో ట్రిమ్మర్ పెట్టుకోండి. మొదట ఆఫ్ చేసిన ట్రిమ్మర్ రెండు రోజులు బొమ్మల మధ్య పడి ఉండాలి. తర్వాత బిడ్డ ఇష్టంగా ఏదైనా తింటుంటే పక్క గదిలో అది మోగుతుండాలి. నాన్న గడ్డం గీసుకుంటుంటే చూడటం, ఆన్, ఆఫ్ బటన్ తనే నొక్కడం, పట్టుకునే వైపు అరచేతికి ఆనించుకోవడం, ఆ తర్వాత భుజం, మెడ. ఎక్కడ వెనక్కి లాక్కుంటే అక్కడ ఆగి, మర్నాడు దానికి ముందు మెట్టు నుంచి మొదలుపెట్టడమే. కొందరికి వారంలో అవుతుంది, కొందరికి నెల పట్టొచ్చు. మధ్యలో ఒక రోజు అన్నకో నాన్నకో కటింగ్ చేయిస్తూ షాపులో కూర్చోబెట్టి చూపించాలి. ఆ రోజు మాత్రం వాడి జుట్టు ముట్టుకోకుండా ఇంటికి వచ్చేయాలి. "వచ్చాం కదా, పనిలో పని వీడిదీ కానిచ్చేద్దాం" అన్న కక్కుర్తితో చేసిందంతా నీళ్లపాలవుతుంది.

నొప్పి అంటే నమ్మండి

వెంట్రుకకు ప్రాణం లేదు, తెగితే నొప్పి ఉండదు. కానీ అది మొలిచే కుదురు చుట్టూ నరాల కొసలున్నాయి, లాగితే ప్రాణం పోతుంది. మొద్దుబారిన కత్తెర, నూనె చూడని మిషన్ జుట్టును కత్తిరించే ముందు లాగుతాయి. చిక్కు తీయకుండా మొదలుపెడితే ఇంకా లాగుతాయి. ఆగకుండా నడిచిన మిషన్ పళ్లు వేడెక్కుతాయి, బిడ్డ మెడకు ఆనించే ముందు మీ మణికట్టు మీద పెట్టి చూడండి. గుడ్డ సందులోంచి మెడలోకి దిగిన ముక్కలు సూదుల్లా గుచ్చుకుంటాయి. పాత కాటన్ చొక్కా ఒకటి వేసి తీసుకెళ్లి, పని అవగానే విప్పేసి, ఇంటికొచ్చి తలారా స్నానం చేయిస్తే సగం చిరాకు పోతుంది. పౌడర్ మాత్రం వద్దనండి. పసివాళ్లు టాల్కం పొడి పీల్చితే ఊపిరితిత్తులకు మంచిది కాదు, మెత్తటి గుడ్డతో దులిపితే చాలు.

రెండు నుంచి నాలుగేళ్ల మధ్య ఇంకో అనుమానం ఉంటుంది. ఒంట్లోంచి తెగిపోయింది మళ్లీ వస్తుందని వాళ్లకెలా తెలుస్తుంది? వేలు తెగితే రక్తం వస్తుందని తెలుసు, జుట్టు వేరని తెలియదు. చెబితే అర్థం కాదు, చూపించాలి. మీ జుట్టు కొస ఒకటి వాడి చేతనే కత్తిరింపించి, "ఏమన్నా అయిందా నాకు?" అని అడగండి. పోయిన వారం తీసిన గోరు మళ్లీ ఎంత పెరిగిందో చూపించండి. జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్క పిల్లలకు అక్కర్లేదు, మనకు పనికొస్తుంది: నెలకోసారి వెళ్లి తీరాలన్న రూలేమీ లేదు, కళ్లమీద పడే కాస్త ఇంట్లో తీసేస్తే రెండు నెలలు ఆగొచ్చు. తిరుపతి వెళ్లొచ్చిన నాన్న గుండు చూసి కెవ్వుమనే పసివాళ్లు ఎంతమంది లేరు? జుట్టు మారితే మనిషే మారిపోయాడనుకునే వయసది. తన ముఖమే అద్దంలో మారిపోతుంటే బెదిరే పిల్లలను అద్దానికి వీపు పెట్టి కూర్చోబెట్టడం మేలు.

కుర్చీలో ఆ కాసేపు

మా వీధి షాపులో ఒక పెద్దాయన ఉన్నాడు. చిన్నపిల్లలు వస్తే కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే చెక్క పలక వెంటనే తీయడు. ముందు నాన్న ఒళ్లోనే కూర్చోబెట్టి, బిడ్డ చేతికి దువ్వెన ఇచ్చి తన తల వంచుతాడు, "నాకు దువ్వు చూద్దాం" అని. వాడు దువ్వుతుంటే ఈయన కత్తెరను గాల్లోనే టిక్కుటిక్కుమనిపిస్తుంటాడు, ఒకసారి దూరంగా, ఒకసారి కాస్త దగ్గరగా. జుట్టు మీద మొదటి కత్తెర పడేసరికి ఆ చప్పుడు పాతబడిపోతుంది. ఇంకో విశేషం, ఆయన వెనక నుంచి మొదలుపెట్టడు. "చిన్నపిల్లలు మనకు ఐదు నిమిషాలిస్తారు సార్. ముందు నుదురు, చెవుల పక్కన చేసేస్తే, ఆ తర్వాత లేచిపోయినా ఎవరికీ తెలీదు" అంటాడు. వెనక మెడ దగ్గర మిగిలింది మర్నాడు ఇంట్లో అమ్మ సరిచేసుకోవచ్చు.

ఫోన్ ఇవ్వడం తప్పని నేననను. కానీ చేతికిస్తే గుడ్డ కింద చేతులు కొట్టుకుంటాయి, తల కిందికి వాలిపోతుంది. అద్దం ముందున్న అరమీద, కళ్లకు ఎదురుగా నిలబెట్టండి. కారు బొమ్మ కుర్చీలున్న పిల్లల సెలూన్లు హైదరాబాద్, విజయవాడ, విశాఖలాంటి చోట్ల ఉన్నాయి. కుర్చీ అంటే భయపడే పిల్లలకు అవి బాగా పనిచేస్తాయి. మోతంటే భయపడేవాళ్లకు కారులో కూర్చున్నా మోత మోతే.

ఏడుపు మొదలైతే ఆపాలా, కానిచ్చేయాలా? అదిమి పట్టుకుని పూర్తి చేస్తే భయం ముదురుతుంది. కెవ్వుమనగానే లేపేస్తే, ఏడిస్తే లేపేస్తారని నేర్చుకుంటాడు. మధ్యేమార్గం లెక్కపెట్టడం. "పది అంకెలు, అంతే" అని గట్టిగా లెక్కపెట్టి, పది రాగానే కత్తెర నిజంగా ఆపేయాలి. పదకొండో అంకె ఎప్పుడూ రాకూడదు. కాస్త ఊపిరి పీల్చుకున్నాక ఇంకో పది. ఒక్కసారి మాట తప్పితే ఆ పదికి మళ్లీ విలువ ఉండదు. నిద్రపోతుంటే గుట్టుగా కత్తిరించే అమ్మలు చాలామందే ఉన్నారు. వెనక జుట్టుకైతే, మొనలు గుండ్రంగా ఉన్న కత్తెరతోనైతే సరే. నుదుటి మీద మాత్రం వద్దు, ఒక్కసారి తల తిప్పితే కత్తెర కంటి దగ్గర ఉంటుంది.

ఇవన్నీ చేసినా ఏమాత్రం మార్పు లేకపోతే, కటింగ్ ఒక్కదాన్నే చూడకండి. పళ్లు తోమడం, గోళ్లు తీయడం, తలస్నానం కూడా ఇలాగే యుద్ధమవుతున్నాయా? మిక్సీ మోతకు, కుక్కర్ విజిల్‌కు పరిగెత్తి దాక్కుంటున్నాడా? చొక్కా కాలర్ వెనక ఉండే లేబుల్ కూడా భరించలేకపోతున్నాడా? మాటలు ఆలస్యమయ్యాయా? ఇందులో కొన్ని కలిసి కనబడితే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. కొందరు పిల్లలకు స్పర్శ, శబ్దం మనకన్నా ఎన్నో రెట్లు గట్టిగా తగులుతాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, ఆటిజం లేకుండానూ ఉండొచ్చు. వీళ్లతో పనిచేసేది ఆక్యుపేషనల్ థెరపిస్టులు, అంటే రోజువారీ పనులు అలవాటు చేయించే నిపుణులు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీలు (పిల్లల సమస్యలను తొందరగా పట్టి వైద్యం చేసే కేంద్రాలు) ఉన్నాయి, అక్కడ పిల్లలకు పరీక్షలు, థెరపీ ఉచితం. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో అడిగితే చెబుతారు. ఇలాంటి పిల్లలకు ఒకే రోజు మొత్తం కటింగ్ అవ్వాలన్న పట్టుదల పెట్టుకోవద్దు. ఈ రోజు కుడి చెవి పక్కన, ఎల్లుండి ఎడమ చెవి పక్కన, వారం తర్వాత వెనక. మధ్యలో నాలుగు రోజులు తల ఎగుడుదిగుడుగా కనబడుతుంది. అడిగిన చుట్టాలకు కొత్త స్టైల్ అని చెప్పండి.